రమాకాంత్ పేరు మీది పాట

కొత్తవాడలో ఎవరింట్లో మనిషి పోయినా మొదట ఫ్రీజర్ పెట్టెకు ఫోను పోతుంది, ఆ వెంటనే సమ్మమ్మకు కబురు పోతుంది. పెట్టె అరగంట ఆలస్యంగా వచ్చినా ఎవరూ ఏమీ అనరు గానీ, సమ్మమ్మ ఆలస్యమైతే మాత్రం శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏడవడం అందరికీ వచ్చు. శోకం తీయడం అందరికీ రాదు. గొంతెత్తి, పోయిన మనిషిని వరసపెట్టి పిలిచి, ఆ మనిషి బతుకులోంచి నాలుగు మాటలు ఏరి, ఆ మనిషికే వినిపించాలి. సమ్మమ్మ ఆ పని ముప్ఫై ఏళ్లుగా చేస్తోంది. ఎవరింటికి పోయినా గడపలో నిలబడి ఇల్లంతా ఒకసారి కలియజూస్తుంది. గూట్లో కళ్లద్దాలున్నాయా, మంచం కింద బీడీల కట్ట ఉందా, మగ్గం మీద జంపఖానా సగంలో ఆగిందా అని చూసి, కంటపడ్డ దాన్నే పట్టుకుని మొదలుపెడుతుంది. పది నిమిషాలు తిరిగేసరికి అత్తను రోజూ తిట్టుకున్న కోడళ్లు కూడా వెక్కుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

ఆమెకు ఒక పట్టింపు ఉంది. ఒకరికి ఏడ్చిన మాట ఇంకొకరికి ఏడవదు. ఎవరైనా "గా సదానందం మామకు ఏడ్చినట్టే ఏడువు పెద్దమ్మా" అని అడిగితే కసురుకునేది. "ఆయినకు పెట్టిన మాట ఆయినతోనే పోవాలె. మళ్లెట్ల తెస్త?" అనేది. అందుకే ఆ వాడలో పోయిన ప్రతివాడికీ తనదంటూ ఒక శోకం ఉంది. బతికుండగా సొంత ఇల్లు కూడా లేనివాళ్లకు సైతం అదొక్కటి ఉంది.

అలాంటి సమ్మమ్మ కన్నకొడుకు పోతే ఏడవలేదు.

కొడుకు రమాకాంత్‌కు ఇరవై ఆరేళ్లు. వర్ధన్నపేట నుంచి బండి మీద వస్తూ, వెనక లైటు లేని వడ్ల ట్రాక్టరుకు గుద్దుకున్నాడు. ఇంటికి తెచ్చి పండబెడితే వాడకట్టంతా వచ్చింది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, అందులో సగం మంది సమ్మమ్మ సొంత కొడుకు మీద ఎట్లా శోకం తీస్తుందో విందామనే వచ్చారు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. నోరు తెరిచింది, మూసింది. ఇల్లంతా కలియజూడబోతే ఆ ఇంట్లో ఏది చూసినా వాడే ఉన్నాడు, ఏ ఒక్కటి పట్టుకోవాలో తెలియలేదు. సాయంత్రం వాడిని తీసుకుపోయారు. "ఊరందరికి ఏడ్చినామె కన్నకొడుక్కు కండ్లు తడి జేస్తలేదు" అని పక్కింటి లక్ష్మీనర్సమ్మ అంది, వినబడేటట్టే అంది. సమ్మమ్మకు వినబడింది. లక్ష్మీనర్సమ్మ అన్నందుకు ఆమెకు కోపం రాలేదు. తనదంటూ ఒక శోకం లేకుండా వాడు ఒట్టి చేతులతో పోయాడన్నదే ఆమె కడుపులో ముల్లులాగా ఉండిపోయింది.

ఐదో నెలలో ఓంప్రకాశ్ వచ్చాడు. రమాకాంత్, అతను ఒకే బడి, ఒకే బెంచి. చిన్నప్పుడు ఈ ఇంట్లోనే సగం అన్నాలు తిన్నాడు. ఇప్పుడు పెద్ద గాయకుడు. తనే రాసుకుంటాడు, తనే బాణీ కడతాడు, తనే పాడతాడు. హనుమకొండలో స్టూడియో. అతని పాట పెట్టందే ఈ చుట్టుపక్కల ఏ పెళ్లి బరాత్ కదలదు. ఓం అన్న సైన్యం అని అభిమానుల గుంపు ఒకటి తయారైంది. అతను మగ్గం పక్కన కింద కూర్చుని, గోడ మీది రమాకాంత్ ఫోటో చూసి చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. అది అబద్ధమై ఉంటే ఈ కథ ఇంత నొప్పించేది కాదు.

అతను ఏడుస్తుంటే సమ్మమ్మ చూపు గడప వైపు పోయింది. రమాకాంత్ చెప్పులు ఐదు నెలలుగా అక్కడే ఉన్నాయి. పొద్దున ఊడ్చేటప్పుడు వాటి చుట్టూ ఊడుస్తుందే గానీ జరపదు. ఉన్నట్టుండి ఆమె గొంతు లేచింది.

"చెప్పులు రెండు గడప కాడ్నే ఉన్నయి కొడుకా
కాళ్లు యాడ విడిచినవు కొడుకా
తెల్లబువ్వ పెడితే అలిగేటోడివి కొడుకా
తెల్లబట్టల సప్పుడు లేక పండినవా కొడుకా"

మూడు గంటలు ఏడ్చింది. కూర లేని తెల్లబువ్వ ముందు అలిగి కూర్చున్న కొడుకు, దారం పోగులతో చెల్లెలికి జడ అల్లిన కొడుకు, మొదటి జీతానికి తల్లికి కళ్లద్దాలు తెచ్చి అవి ఆమె చూపుకు సరిపోలేదని తెలిసి సిగ్గుపడ్డ కొడుకు, అందరూ ఆ మూడు గంటల్లో వచ్చి పోయారు. ఓంప్రకాశ్ ఫోను నేల మీద రికార్డవుతూ ఉంది. ఆమె చూసింది. వద్దనలేదు.

అయిపోయాక అతను ఆమె కాళ్లు పట్టుకున్నాడు. "పెద్దమ్మా, గీ మాటలు ఇట్ల పోవద్దు. నేను పాటలు జేస్త."

"వాని పేరు మీద చౌరస్తాల ఫ్లెక్సీ కట్టిపిద్దామనుకున్న బిడ్డా. మీ పెదనాయిన ఉంటే కట్టిపిచ్చేటోడు."

"ఫ్లెక్సీ వానకు చినుగుతది. పాట చినగదు. జిందగీ అంత ఉంటది."

ఆ మాట ఆమెకు బాగా పట్టేసింది. యూట్యూబ్ అంటే ఎన్నడూ దించని ఫ్లెక్సీ అనుకుంది. పైన కొడుకు ఫోటో, కింద పేరు, పుట్టిన తారీకు, పోయిన తారీకు, మధ్యలో తన ఏడుపు. "వాని పేరు మీదనే ఉండాలె మరి" అంది. ఓంప్రకాశ్ రమాకాంత్ మీద ఒట్టు పెట్టాడు.

ఆల్బమ్ ఉగాది తెల్లారి వచ్చింది. పేరు 'గడప కాడ', ఆరు పాటలు. బట్టల దుకాణంలో చీరల సెక్షన్‌లో పనిచేసే కూతురు సునీత ఆ రోజు పనికి ఆలస్యంగా పోతానని చెప్పి, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఫోను పెట్టింది. సమ్మమ్మ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుంది. తెర మీద ఖిల్లా రాళ్ల మధ్య గడ్డం పెంచుకున్న ఓంప్రకాశ్ కనిపించాడు. రమాకాంత్ ఫోటో ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుందని ఇద్దరూ చూశారు. గొంతు లేచింది.

"చెప్పులు రెండు గడప కాడ్నే ఉన్నయి పిల్లా
కాళ్లు యాడ విడిచినవే పిల్లా
తెల్లబువ్వ పెడితే అలిగేదానివి పిల్లా
తెల్లచీర గట్టి సప్పుడు లేక కూసున్నవా పిల్లా"

ఆరు పాటలూ అంతే. కొడుకు ఉన్న ప్రతిచోటా పిల్ల వచ్చి కూర్చుంది. రమాకాంత్ ఫోటో లేదు. పేరు లేదు. చివర్లో 'రచన, స్వరకల్పన, గానం: ఓంప్రకాశ్' అని పడింది. సునీత ఫోను బోర్లా పెట్టింది. "అయిపోయిందా? మనోని ఫోటో ఏదే?" అని సమ్మమ్మ అడిగింది.

ఓంప్రకాశ్ మూడో రోజుకు ఫోను ఎత్తాడు. "పెద్దమ్మా, కంపెనీవోళ్లు ఒప్పుకోలే. తల్లి కొడుక్కు ఏడ్చేది ఎవరు ఇంటరు? ఇంట్ల పెట్టుకుంటే అపశకునం అంటరు. లవ్ ఫెయిల్యూర్ అయితే ప్రతోడు ఇంటడు. రమాకాంత్ పేరు పెడితే అది ఒక్కనికే అయితది. తీసేస్తే అందరికి అయితది. వాని ఏడుపు ఇయ్యాల లక్షల మంది ఏడుస్తాన్రు, జర అది సూడు" అన్నాడు. ఇంత చక్కగా మాట్లాడటం బరాత్ పాటలు రాసేవాడికి తప్ప ఇంకొకరికి రాదు. సమ్మమ్మ విని, సునీత చేతికి ఫోను ఇచ్చేసింది.

లక్షల మంది ఏడ్చిన మాట మాత్రం నిజం. ఓం అన్న ఏడిస్తే అభిమానులకు పండగైంది. "అన్నా, గుండె పిండినవ్", "అన్నను ఏడిపిచ్చిన పిల్ల పురుగులు పడి పోతది", "మా ఆమె ఇంట్లనే ఉంది, అయినా ఏడుపొచ్చింది" అని కింద రాశారు. పాటకు అర్థాలు చెప్పే పండితులు పుట్టుకొచ్చారు. చెప్పులు గడప దగ్గరే ఎందుకున్నాయంటే ఆ పిల్ల ఇంకొకడి బండెక్కి కాళ్లకు చెప్పులు కూడా లేకుండా లేచిపోయిందట. తెల్లచీరంటే పెళ్లిపీటల మీద కట్టుకునే మధుపర్కాల చీరట. చచ్చినవాడి మీద కప్పిన బట్టను పెళ్లిబట్ట చేసి, దాని మీద కళ్లు తుడుచుకున్నారు. నర్సంపేట నుంచి వచ్చి హనుమకొండలో డిగ్రీ చదివే తిరుమల అనే అమ్మాయి, పాటలు వింటూ తన మొహం తనే వీడియో తీసి పెట్టడంలో పేరున్న అమ్మాయి, ఆరు పాటలకూ ఆరుసార్లు ఏడ్చింది. ఆ ఏడుపులు పాటలకన్నా ఎక్కువ మంది చూశారు.

సునీత ఊరుకోలేకపోయింది. తిరుమల వీడియో కింద రాసింది: "ఇవి మా అమ్మ మా అన్న చనిపోయినప్పుడు ఏడ్చిన మాటలు. పిల్లా కాదు, కొడుకా. ఓంప్రకాశ్ మా ఇంట్లో కూర్చుని రికార్డు చేసుకున్నాడు."

రాసి పనికి పోయింది. మధ్యాహ్నానికల్లా సైన్యం ఆమె ఫోటో పట్టుకుంది, ఊరు పట్టుకుంది, చిన్నప్పుడు ఓంప్రకాశ్‌తో దిగిన బతుకమ్మ ఫోటో కూడా పట్టుకుంది. ఇంకేం కావాలి? వాళ్లు నెల రోజులుగా వెతుకుతున్న పిల్ల తనంతట తానే దొరికింది. అన్నను మోసం చేసి, ఇప్పుడు అన్నకు పేరొస్తే ఓర్వలేక పాటలు కూడా మావే అంటోందని తేల్చేశారు. సునీతకు 'చెప్పుల పిల్ల' అని పేరు పెట్టారు. మర్నాటి నుంచి దుకాణానికి చీరలు కొననివాళ్లు రావడం మొదలైంది. ఒకడు కౌంటరు మీద తెగిన చెప్పు పెట్టి "గిది నీదేనా చూడు" అన్నాడు, పక్కవాడు వీడియో తీశాడు. ఓనరు రెండు రోజులు చూసి, లొల్లి సల్లబడేదాకా రావద్దన్నాడు.

తర్వాత వాళ్లకు ఇంటికి దారి తెలిసింది. పొద్దున లేచి తలుపు తీస్తే గడప ముందు పాత చెప్పులు. మొదటిరోజు నాలుగు, రెండోరోజు ఇరవై. పిల్లలు బండ్ల మీద వచ్చి ఒకటి విసిరి, ఇంటి ముందు సెల్ఫీ దిగి పోయేవాళ్లు. జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి కూడా వచ్చారు. వాళ్లలో దొంగలు లేరు, రౌడీలు లేరు. అమ్మానాన్నలకు మంచి పిల్లలే. పాట విని మనసు కరిగినవాళ్లే. ఇంత కరిగిన మనసులు అంత చెత్తను ఎట్లా మోసుకొచ్చాయో అడిగే దిక్కు లేదు.

ఐదోరోజు సునీతకు తిక్క రేగింది. చెత్త బండి రాగానే గోనెసంచి పట్టుకుని గడప ముందున్నవన్నీ ఊడ్చి ఎత్తి పడేసింది. బండి పోయింది. నీళ్లకు పోయి వచ్చిన సమ్మమ్మ బిందె కింద పెట్టి గడప వైపు చూసింది. శుభ్రంగా ఉంది. అన్న చెప్పులు కూడా అందులోనే పోయాయని సునీతకు అప్పుడు తెలిసింది. "పోనీ తియ్యి" అంది సమ్మమ్మ. ఎంత మామూలుగా అందంటే, సునీత ఆ రోజంతా తల్లి వైపు చూడలేకపోయింది. కొడుకువి ఇక మాటలే మిగిలాయని సమ్మమ్మ బిందెడు నీళ్లు గంగాళంలో పోస్తూ అనుకుంది. వాటినైనా మళ్లీ వాడి పేరు మీదికి తెచ్చుకోవాలి. ఎట్లాగో తెలియదు గానీ తెచ్చుకోవాలి.

సునీత ఫోను నంబరు కూడా బయటపడింది. రోజుకు వందల మెసేజీలు. కొన్ని తల్లికి చదివి వినిపించింది, కొన్ని వినిపించలేదు. తినడం మానేసింది. ఒకనాడు పగటిపూట మగ్గం గదిలోకి పోయి గొళ్లెం పెట్టుకుంది. సమ్మమ్మ పిలిచింది, పలకలేదు. తలుపు బాదింది. లక్ష్మీనర్సమ్మ కూడా పరుగెత్తుకొచ్చి బాదింది. పావుగంటకు సునీత తలుపు తీసింది. చేతిలో ఏమీ లేదు. మొహం మాత్రం బతికున్న మనిషి మొహంలాగా లేదు. "ఏం చేస్తలేను, జర కూసున్న" అంది. ముప్ఫై ఏళ్లుగా శవాల పక్కన కూర్చున్న సమ్మమ్మకు ఆ మొహం కొత్త కాదు.

ఆ సాయంత్రమే ఆటో ఎక్కి హనుమకొండ పోయింది. ఆటోలో కూడా అదే పాట. "ఏం ఏడ్చిండు అమ్మా! ఆ పిల్ల నాకు దొరకాలె, చెప్పుతోటి కొడుత" అన్నాడు డ్రైవరు, ఎంతో ప్రేమగా. సమ్మమ్మ తలూపింది. పాట అయిపోయి మళ్లీ మొదటికి వచ్చింది.

ఓంప్రకాశ్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేశాడు, ఛాయ్ తెప్పించాడు. విన్నాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి కూడా. అతనికి కళ్లల్లో నీళ్లు తొందరగా తిరుగుతాయి.

"నేను ఆగుమంటే ఆగరు పెద్దమ్మా. అన్నది మంచి మనసు, ఆ పిల్లను ఎనుకేసుకొస్తాండు అంటరు. నువ్వు చెప్తే ఆగుతరు."

"నేనేం చెప్పాలె?"

"పాటలు ఓంప్రకాశ్‌వే, మా బిడ్డ తెలువక రాసింది, నేను గా పాటలు ఇని నా కొడుకును యాది జేసుకున్న, గంతే అని చెప్పు. ఒక్క పాట నువ్వు కూడ పాడు. ఓం అన్నకు ముసలామె కూడ ఫ్యానే అంటే ఇగ ఎవలు నోరు మెదపరు. సునీత నాకు చెల్లెలసొంటిది పెద్దమ్మా, నాకు మాత్రం రంది లేదా?"

సమ్మమ్మ చాలాసేపు ఛాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంది. కొడుకు పోయాడు, వాడికి ఇక చెడేదేమీ లేదు. కూతురు ఉంది. ఇంత చిన్న లెక్క వేయడానికి అంతసేపు పట్టినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. "రేపు రాండ్రి" అంది.

మర్నాడు పదకొండింటికి ఓంప్రకాశ్ వచ్చాడు. వీడియో తీయడానికి తిరుమల వచ్చింది. చెప్పులు బయట వరసగా విడిచి, సమ్మమ్మ కాళ్లకు దండం పెట్టింది. "అమ్మమ్మా, నీ అసొంటోళ్లు ఇనుడే మా అన్నకు పెద్ద అవార్డు" అంది మనస్ఫూర్తిగా. మగ్గం ముందు చాప వేసి, వెలుతురు చూసి, ఫోను స్టాండుకు బిగించింది. అందులోకి చూసి మొహం చిట్లించింది.

"అన్నా, ఆ దండేసిన ఫోటో ఫ్రేముల వస్తాంది. చావుదనుకుంటరు. ఫీల్ మారుతది."

ఓంప్రకాశ్ లేచి గోడ మీంచి రమాకాంత్‌ను దించాడు. ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. చివరికి మగ్గం వెనక, మొహం గోడవైపు పెట్టి ఆనించాడు. సునీత వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "అమ్మా, వద్దే" అంది. సమ్మమ్మ ఆమె వైపు తిరగలేదు.

చెప్పమన్న మాటలు చెప్పింది. "గీ పాటలు ఓంప్రకాశ్‌వే. నా బిడ్డ తెలువక రాసింది. చిన్నపిల్ల, తప్పయింది. దాన్ని ఇడిసిపెట్టుండ్రి బిడ్డా, మీ కాళ్లు మొక్కుత." ఆఖరి మాట ఎవరూ చెప్పమనలేదు. తిరుమల కళ్లు తుడుచుకుని, ఇక పాడమని చేత్తో సైగ చేసింది.

సమ్మమ్మ కళ్లు మూసుకుని గొంతెత్తింది. కొడుకు పోయిన రోజు రానిది, ఐదో నెలలో వచ్చినది, అదే గొంతు. చెప్పులు గడప దగ్గర ఉన్నాయంది. కాళ్లు ఎక్కడ విడిచావని అడిగింది. గోడలు దాటి పక్కిళ్లకు వినబడింది. లక్ష్మీనర్సమ్మ పని ఆపి బయటికొచ్చి నిలబడింది. తిరుమల ఏడుస్తోంది, ఈసారి తన మొహం వీడియో తీసుకోవడం కూడా మరిచిపోయి ఏడుస్తోంది. పాట అయిపోయాక ముక్కు తుడుచుకుని, ఎంతో నెమ్మదిగా అంది.

"మస్తు పాడినవ్ అమ్మమ్మా. గని మొత్తం కొడుకా, కొడుకా అన్నవ్. పిల్లా అనాలె. ఏం ఫికర్ లేదు, ఇంకోపారి తీద్దాం."

ఓంప్రకాశ్ చాప అంచు చూస్తూ కూర్చున్నాడు. సమ్మమ్మ మంచినీళ్లు అడిగింది. సునీత తెచ్చి ఇచ్చింది. రెండు గుక్కలు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, సమ్మమ్మ ఫోను వైపు తిరిగి కూర్చుంది.

ఈసారి కళ్లు మూసుకోలేదు. మొదటి నుంచి చివరిదాకా పాడింది. ఒక్కచోట కూడా కొడుకా అనలేదు.